బోదకాలు: మాట పుట్టిన చోటు



ఏలూరులో పుట్టినవాళ్ళకి బోదకాలంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ‘బోద’ అంటే ఏమిటని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ డాక్టరుగారే నన్ను చిన్నప్పుడు ఈ ప్రశ్న అడిగారు.

మా మామ్మది బోదకాలు. కుచ్చిళ్ళు మడమ దాకా దించి కట్టేది. వేలు వాచి వెండి మట్టె కండలోకి దిగిపోతే కంసాలి వచ్చి కత్తిరించాడు. ఆవిడ ఏడ్చింది నొప్పికి కాదు, తాతయ్య బతికుండగానే మట్టె తీయాల్సి వచ్చిందని. వీధిలో ఆవిడకి పేరు లేదు, ‘బోదకాలు మామ్మగారు’ అంతే. ఒక జబ్బు మనిషి పేరుని మింగేయడం నాకు ఈనాటికీ మింగుడుపడదు.

బోదె అంటే చెట్టు మొదలు. మొదలులా లావెక్కిన కాలే బోదకాలు అయిందని నా ఊహ. 

సంస్కృతంలో ఇది శ్లీపదం. శిలలాంటి పాదమని వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. సుశ్రుతుడు నిదానస్థానం 12వ అధ్యాయంలో, పాత నీళ్ళు నిలవుండి అన్ని ఋతువుల్లోనూ చల్లగా ఉండే చోట్ల ఇది ఎక్కువంటాడు. అది చదివినప్పుడల్లా తమ్మిలేరూ బుడమేరూ వచ్చి కలిసే కొల్లేరు, ఆ నీటిని సముద్రానికి మోసే ఉప్పుటేరు, తాడేపల్లిగూడెం దాకా కాలవలూ చేలూ నా కళ్ళముందు మెదులుతాయి. దోమ సంగతి తెలియకుండానే నీటి దాకా వచ్చాడాయన!

దీని ఇంగ్లీషు పేరు ఎలిఫెంటియాసిస్ కథ వేరు. గ్రీకులు ఆ మాట కుష్ఠుకి వాడారు. అరబ్బు వైద్యులు ఏనుగు జబ్బన్నది ఈ కాలివాపుని. రెండూ లాటిన్‌లోకి వెళ్ళేసరికి కలగాపులగమై, రెండు జబ్బులు శతాబ్దాల తరబడి ఒకే పేరు మోశాయి. మన సుశ్రుతుడి దగ్గర కుష్ఠు 5వ అధ్యాయం, శ్లీపదం 12వది.

ఈ జబ్బుకే ఉన్న ఇంకో పేరు ఫైలేరియాకి మూలం లాటిన్‌లో దారం. జబ్బు తెచ్చే ఆ దారంలాంటి పురుగు పిల్లల్ని 1866లో వుషరర్ బ్రెజిల్‌లో చూశాడు, పెద్ద పురుగుని 1876లో బాన్‌క్రాఫ్ట్ ఆస్ట్రేలియాలో. మరుసటేడు చైనాలో మాన్సన్, ఆ పిల్లలు దోమ ఒంట్లో ఎదగడం కనిపెట్టాడు. మన ఊళ్ళో ఆ దోమ క్యూలెక్స్, మురుగునీటిది. అది కుట్టే రాత్రివేళకే పురుగు పిల్లలు పైరక్తంలోకి వస్తాయి. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక, అందుకే, రక్తం తీసేవాళ్ళు భోజనాలయ్యాక తలుపు తట్టేవారు. నిద్రకళ్ళతో వేలు చాపేవాళ్ళం.

మాత్రలు పురుగు పిల్లల్ని చంపుతాయి గానీ ముదిరిన వాపుని తీయలేవు. మామ్మకి గజ్జల్లో బిళ్ళకట్టి, దుప్పట్లు కప్పినా ఆగని వణుకుతో జ్వరం వచ్చేది. ఒకసారి డాక్టరుగారు కిందే చతికిలబడి, ఆ కాలు తన ఒళ్ళో పెట్టుకుని సబ్బునీళ్ళతో కడిగారు. పాత నూలుగుడ్డ సన్నగా చుట్టి, వేళ్ళ సందుల్లో తడి ఎలా అద్దాలో అమ్మకి చూపించారు. రాత్రి కాలికింద తలగడ పెట్టమన్నారు. చీటీ మీద మామ్మ పేరు ఇంటిపేరుతో సహా అడిగి రాసుకున్నారు.

అమ్మ రోజూ దీపాలవేళకి ముందు ఆ కాలు కడిగేది. ఆ ఏడాది జ్వరం రెండుసార్లే వచ్చింది.