ఎల్‌కేడర్: అమీర్ అబ్దుల్ ఖాదిర్ పేరు మోస్తున్న ఒక అమెరికా పల్లెపట్నం



ఊళ్ల పేర్ల మీద వివాదం మన దేశంలో ఇప్పుడు నిత్యకృత్యమైపోయింది. 2018లో అలహాబాదు ప్రయాగ్‌రాజ్ అయింది. 2023లో ఔరంగాబాదు ఛత్రపతి శంభాజీనగర్‌గా, ఉస్మానాబాదు ధారాశివ్‌గా మారాయి. హైదరాబాదు పేరు మార్చాలన్న మాట ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన చెవిన పడుతూనే ఉంది. ఈ వాతావరణంలో మేము ఒక చిన్న ఊరి చరిత్రను మీ ముందుంచదలిచాము. ఆ ఊరు మన దేశంలో లేదు, ముస్లిం దేశంలోనూ లేదు. అమెరికాలోని అయోవా రాష్ట్రపు ఈశాన్య మూలన, మొక్కజొన్న పొలాల నడుమ ఉంది. దాని పేరు ఎల్‌కేడర్. ఆ పేరు అల్జీరియా స్వాతంత్ర్య యోధుడు అమీర్ అబ్దుల్ ఖాదిర్‌ది.

అమెరికాలో రాష్ట్రాన్ని కౌంటీలుగా విభజిస్తారు. న్యాయస్థానం, భూముల రికార్డులు, పన్నుల కార్యాలయం ఉండే ఊరు కౌంటీ కేంద్రం. మన జిల్లా కేంద్రం వంటిదని చెప్పవచ్చు గానీ పరిమాణంలో పోలిక కుదరదు. ఎల్‌కేడర్ క్లేటన్ కౌంటీకి కేంద్రం. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ ఊరి జనసంఖ్య 1,209. మన వైపు ఒక చిన్న గ్రామ పంచాయతీలో కూడా అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. అయినా అక్కడ 1860వ దశకంలో కట్టిన కోర్టు భవనం ఉంది, టర్కీ నదిపై 1889లో కట్టిన రెండు కమానుల రాతి వంతెన ఉంది. (నది పేరు విని ఉస్మానియా సామ్రాజ్యాన్ని తలచుకోనక్కరలేదు, అది టర్కీ కోడి పేరు.)

ఊరు ఏర్పడింది 1846లో. అయోవా రాష్ట్రంగా అవతరించినదీ ఆ సంవత్సరాంతంలోనే. తిమోతీ డేవిస్ అనే న్యాయవాది, జాన్ థాంప్సన్, చెస్టర్ సేజ్ అనే ఇద్దరు భాగస్వాములతో కలిసి నది ఒడ్డున స్థలాలు కొలిపించి ఊరికి రూపురేఖలు దిద్దాడు. నీటి వేగంతో తిరిగే పిండిమరకు ఆ చోటు అనువైనది. డేవిస్ తరువాత 1857 నుండి 1859 వరకు అమెరికా ప్రతినిధుల సభలో సభ్యుడుగా ఉన్నాడు. ఆ రోజుల్లో అల్జీరియా యుద్ధవార్తలు అమెరికా పత్రికల్లో వస్తుండేవి. ఒక మహాసామ్రాజ్యాన్ని ఏళ్ల తరబడి నిలువరిస్తున్న యువనాయకుని గాథ డేవిస్‌ను ఆకర్షించింది. తాతలనాడు బ్రిటిష్ సామ్రాజ్యంపై తిరగబడి గెలిచిన జాతి కదా, ఆ అభిమానం అర్థం చేసుకోదగినదే.

ఆ నాయకుడు ఎవరు? 1830లో ఫ్రాన్స్ అల్జీర్స్ నగరాన్ని ఆక్రమించింది. రెండేళ్లకు, 1832లో, మస్కరా ప్రాంతపు తెగలు ఒక యువకునికి బైఅత్ చేశాయి. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగేళ్ల ప్రాంతం. తండ్రి ముహియుద్దీన్ ఖాదిరియా సూఫీ మార్గానికి చెందిన పెద్ద. కొడుకు కత్తికి ముందు ఖుర్ఆన్ నేర్చినవాడు, తండ్రి వెంట హజ్ చేసి వచ్చినవాడు. 1837 నాటి తాఫ్నా సంధిలో అల్జీరియాలో అధిక భాగంపై ఆయన అధికారాన్ని ఫ్రాన్స్ అంగీకరించక తప్పలేదు. రెండేళ్లకే యుద్ధం మళ్లీ రాజుకుంది. ఫ్రెంచి సేనాని బ్యూజో పంటలు తగలబెట్టించి, పశువులను తోలుకుపోయి, పల్లెలను పాడుపెట్టే పద్ధతి చేపట్టాడు. 1843లో అమీర్ సంచార రాజధాని శత్రువుల చేతికి చిక్కింది. 1847 డిసెంబరులో ఆయన లొంగిపోయాడు.

ఆయన యుద్ధం చేసిన తీరును ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బందీలను చంపరాదని, హింసించరాదని తన సైనికులను శాసించాడు. క్రైస్తవ బందీల ఆరాధన కోసం మతగురువును పంపడానికి కూడా ఆయనకు అభ్యంతరం లేకపోయింది. అల్జీర్స్ బిషప్ ద్యూపుష్‌తో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాల ఫలితంగా 1841లో బందీల మార్పిడి జరిగింది. యుద్ధఖైదీల రక్షణకు అంతర్జాతీయ ఒప్పందాలేవీ లేని కాలమది. ఈ చరిత్రలో మచ్చ లేదని మేము అనము. 1846 వసంతంలో, ఆయన దూరంగా ఉన్న సమయంలో, ఆయన శిబిరంలో అనేకమంది ఫ్రెంచి బందీలు హతమయ్యారు. ఆ నింద ఆయనను వెంటాడింది. మహనీయుల చరిత్ర చెప్పేటప్పుడు ఇటువంటి పుటలను చించివేసే అలవాటు మనలో ఉంది. అది వారికి మర్యాద కాదు.

పేరును గురించి ఒక మాట. అబ్దుల్ ఖాదిర్ అంటే అల్-ఖాదిర్ యొక్క దాసుడు. అల్-ఖాదిర్ అంటే సర్వశక్తిమంతుడు, అల్లాహ్ శుభనామాలలో ఒకటి. అయోవా రైతులు ఈ పేరును తమ నాలుకకు అనువుగా కుదించినప్పుడు 'అబ్ద్' రాలిపోయి 'అల్-ఖాదిర్' మిగిలింది. దాసుడు మాయమై ప్రభువు పేరే ఊరికి దక్కింది. వారిని చూసి మనం నవ్వనక్కరలేదు, మన ఇళ్లలో అబ్దుల్ ఖాదర్‌ను ఖాదర్ అనే పిలుస్తున్నాం. అమీర్ కుటుంబం అనుసరించిన ఖాదిరియా మార్గానికి మూలపురుషుడు బాగ్దాదుకు చెందిన హజ్రత్ షేక్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ (రహ్మతుల్లాహి అలైహి). ఆ మహనీయుని బిరుదమే దస్తగీర్. రాయలసీమలో గ్యార్మీ జరుపుకునే ముస్లింల ఇళ్లలోనే కాదు, హిందూ రైతుల ఇళ్లలోనూ దస్తగిరి అన్న పేరు వినబడుతుంది. కాబట్టి ఎల్‌కేడర్ పేరు వినగానే మనకు పరాయిగా తోచనక్కరలేదు; ఆ వంశవృక్షపు కొమ్మ ఒకటి మన ఊళ్లలోనూ ఉంది.

అయితే ఎల్‌కేడర్ చరిత్ర 1846తో మొదలు కాలేదు. అమీర్‌కు తెగలు బైఅత్ చేసిన 1832వ సంవత్సరంలోనే మిసిసిపీ నదీ తీరంలో బ్లాక్ హాక్ అనే ఆదివాసి నాయకుడు అమెరికా సైన్యం చేతిలో ఓడిపోయాడు. ఆ ఓటమి వెంటనే సాక్, మెస్క్వాకీ జాతుల చేత ఒప్పందం రాయించుకొని, నదికి పడమట ఉన్న విశాల భూభాగాన్ని తెల్లవారి వలసకు తెరిచారు. 1837లో క్లేటన్ కౌంటీ ఏర్పడింది. తన నేల కోసం పోరాడిన ఆఫ్రికా వీరుని పేరును, తమ నేల కోసం పోరాడి ఓడిన వారి దేశంలో నిలబెట్టారన్నమాట. దూరదేశపు పీడితుని పట్ల సానుభూతి సులభం. పొరుగున ఉన్న పీడితుని చూడటానికి మరింత గుండె కావాలి. తిమోతీ డేవిస్ ఈ వైరుధ్యాన్ని గమనించాడో లేదో గానీ, మనం గమనించకుండా ఆ ఊరిని పొగడటం న్యాయం కాదు.

మరొక సంగతి. ఊరికి ఆ పేరు పెట్టిన పద్నాలుగేళ్లకు గానీ అమీర్ జీవితంలోని అత్యున్నత ఘట్టం జరగలేదు. తూర్పు దేశాలకు వెళ్లనిస్తామన్న మాట నమ్మి ఆయన లొంగిపోగా, ఫ్రెంచి ప్రభుత్వం మాట తప్పి తూలోన్, పో, అంబ్వాజ్ కోటల్లో 1852 వరకు నిర్బంధించింది. అంబ్వాజ్‌లో ఆయన పరివారానికి చెందిన 25 మంది మరణించి ఆ కోట ఆవరణలోనే ఖననమయ్యారు. విడుదలైన తరువాత బుర్సాలో కొంతకాలం ఉండి, 1855లో డమాస్కస్ చేరాడు. 1860 జులైలో అక్కడ అల్లరిమూకలు క్రైస్తవుల పేట మీద పడ్డాయి. ఇళ్లు తగలబడ్డాయి, వేలాదిమంది హతమయ్యారు. అమీర్ తన అల్జీరియా అనుచరులను వెంటబెట్టుకొని వీధుల్లోకి వెళ్లి, దొరికినవారినందరినీ తన ఇంటికి చేర్చాడు. ఇల్లు నిండిపోతే కోటకు కాపలాతో పంపాడు. ప్రాణాలతో తెచ్చి అప్పగించిన ఒక్కొక్క క్రైస్తవునికి ఇంత సొమ్మని ప్రకటించాడు. అలా వేలాదిమంది బతికారు.

మాట తప్పి తనను బంధించిన వారి మతస్థులను ఆయన కాపాడాడు. అంతకంటే ముఖ్యంగా, ఆ నగరంలో అధికసంఖ్యాకులు ఆయన మతస్థులే. వారి ఎదుట నిలిచి అల్పసంఖ్యాకుల ప్రాణాలు కాపాడటం ఎంత కష్టమో, మతకల్లోలాలు చూసిన మన నగరాల వారికి చెప్పనక్కరలేదు. దీని గురించి తరువాత అల్జీర్స్ బిషప్‌కు రాసిన లేఖలో ఆయన రెండు కారణాలు చెప్పాడు: ఇస్లామీయ ధర్మశాస్త్రం పట్ల విధేయత, మానవుల హక్కుల పట్ల గౌరవం. ఆ రెంటి నడుమ ఆయనకు వైరుధ్యం కనబడలేదు. ఫ్రాన్స్ అత్యున్నత పురస్కారం ఇచ్చింది. కాకసస్ వీరుడు ఇమామ్ షామిల్ అభినందిస్తూ లేఖ రాశాడు. అమెరికా నుండి పిస్తోళ్ల జత కానుకగా వెళ్లింది. 1883లో డమాస్కస్‌లో మరణించిన అమీర్ భౌతికావశేషాలను స్వతంత్ర అల్జీరియా 1960వ దశకంలో స్వదేశానికి తెచ్చుకుంది.

ఇంతకాలం ఎల్‌కేడర్ ఏం చేసింది? చాలాకాలం ఏమీ చేయలేదు. పేరు నోటిలో నానింది, అర్థం మరుగున పడింది. 1980వ దశకంలో అల్జీరియా నుండీ, ఊరి నుండీ కొందరు పూనుకొని ఆ తంతిని మళ్లీ కలిపారు. 1984లో ఎల్‌కేడర్, మస్కరా సోదర నగరాలయ్యాయి. 2008 జూన్‌లో టర్కీ నది పొంగి ఊరిని ముంచినప్పుడు అల్జీరియా ప్రభుత్వం 1,50,000 డాలర్ల సాయం పంపింది. అమీర్ జీవితాన్ని అమెరికా విద్యార్థులకు పరిచయం చేసే విద్యాసంస్థ ఒకటి ఆ ఊరి నుండే నడిచింది, వ్యాసరచన పోటీలు పెట్టింది. ఒక ముస్లిం పేరు వినగానే అనుమానంతో చూసే వాతావరణం అమెరికాలో దట్టంగా ఉన్న రోజుల్లోనే ఇదంతా జరిగింది.

ఇక జనాభా విషయం. 2000లో 1,465, 2010లో 1,273, 2020లో 1,209. ఇరవై ఏళ్లలో ఆరింట ఒక వంతు తరిగిపోయింది. క్లేటన్ కౌంటీ మొత్తం 2010లో 18,129 మంది, 2020లో 17,043 మంది. కారణాలు మనకు తెలియనివి కావు: పొలాలు పెద్దవై, యంత్రాలు వచ్చి, చేతులకు పని తగ్గింది, చదువుకున్న పిల్లలు నగరాలకు తరలిపోయారు. ఉన్నవారిలో దాదాపు అందరూ తెల్లవారే. ముస్లింలు ఎందరన్నది జనాభా లెక్కలు చెప్పవు, ఎందుకంటే అమెరికా జనగణన మతాన్ని అడగదు. మన జనగణన అడుగుతుంది. 2011 లెక్కల్లో దేశ జనాభాలో మనం 14.2 శాతం. అయోవా రాష్ట్రంలో ముస్లింలు అసలే లేరని కాదు. సీడర్ ర్యాపిడ్స్ నగరంలో 1934లో కట్టిన మసీదు నేటికీ నిలిచి ఉంది. క్లేటన్ కౌంటీ సరిహద్దున ఉన్న పోస్ట్‌విల్‌లో 2008 మే నెలలో మాంసపు కర్మాగారంపై వలసశాఖ దాడి చేసి 389 మందిని నిర్బంధించింది. ఆ ఖాళీల్లోకి సోమాలీ ముస్లింలు పనికి వచ్చారు. డమాస్కస్ అమీర్ పేరున్న ఊరు గల కౌంటీలో ఆ కూలీలు ఎలాంటి ఆదరణ పొందుతారన్నది, వ్యాసరచన పోటీల కంటే గట్టి పరీక్ష అని మా అభిప్రాయం.

సంఖ్యాబలం ఒక్కటే పేర్లను కాపాడదని ఈ లెక్కల వల్ల తెలుస్తున్నది. లక్షలాది ముస్లింలున్న ఔరంగాబాదులో పేరు నిలవలేదు. పట్టుమని పన్నెండు వందల మంది తెల్లవారున్న ఊరిలో నిలిచింది. అధికారం ఎవరి చేతిలో ఉన్నదన్నది అందులో పెద్ద కారణం, దాన్ని తక్కువ చేయలేము. న్యాయస్థానాల్లో, చట్టసభల్లో చేయవలసిన పోరాటం చేయవలసిందే. కానీ మన చేతిలో ఉన్న పని ఒకటుంది. మహబూబ్‌నగర్ పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ది, పాత పేరు పాలమూరు. ఈ సంగతి ఆ ఊరి మన పిల్లల్లో ఎందరికి తెలుసు? పాలమూరు అన్న పేరూ మనదే, దానితో మనకు తగవు లేదు. ఒక పేరు ఎందుకు వచ్చిందో చెప్పలేనివాడు, దాన్ని ఎందుకు ఉంచాలో చెప్పలేడు.

అందుచేత ప్రతి ఊరి మసీదు కమిటీకీ, యువజన సంఘానికీ మా మనవి: మీ ఊరు, మీ పేట, మీ చెరువు, మీ దర్గా పేరు ఎలా వచ్చిందో రాయించండి. పేరు గలవారు ఏ మంచి చేశారో, ఏ చెడు చేశారో రెండూ రాయించండి. దర్గా ఇనాం కాగితాలు, వక్ఫ్ రికార్డులు, పాత రెవెన్యూ పటాలు చూడండి. ఎనభై దాటిన పెద్దలను, ముస్లింలనే కాక ఇతరులనూ, కూర్చోబెట్టి అడగండి. వారిలో చాలామందికి మనకంటే ఎక్కువ గుర్తుంటుంది. ముందుగా ఖబరస్తాన్‌లోని శిలాఫలకాలతో మొదలుపెట్టడం మేలు. ఫార్సీ చదవగలిగినవారు మన పట్నాల్లో కొద్దిమందే మిగిలారు, రాతి మీది అక్షరాలు వానకు అరిగిపోతున్నాయి.