మహమ్మారి దినములలో శ్రమల కాలపు సిద్ధపాటు

(శ్రమల కాలమునకు ముందు సంఘ పెద్దలు, స్త్రీల మైత్రి సభ్యులు, యౌవనులు కూడిన కూడికలో చేసిన ప్రసంగము)



మరియొక శ్రమల కాలము మన వాకిట నిలిచియున్నది. మెదకు మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడి నూరేండ్లు నిండిన సందర్భమున మన పూర్వికుల కార్యములను గూర్చి పలువురు వ్రాయుచున్నారు, మాటలాడుచున్నారు. అది న్యాయమే. కరువు దినములలో పోస్నెట్ దొరగారు జనులకు పని కల్పించి, అన్నము పెట్టి ఆ దేవాలయమును కట్టించిన సంగతి మన పిల్లలు సహా ఎరుగుదురు. అయితే ఈ సాయంకాలము మేము మీ యెదుట పెట్టదలచినది మన గొప్పతనము కాదు, మనము తప్పిపోయిన ఒక సంగతి. 2021వ సంవత్సరపు శ్రమల కాలమునకు మనము ఎట్లు సిద్ధపడితిమో, ఆ సిద్ధపాటులో ప్రభువు మనకేమి చూపించెనో జ్ఞాపకము చేసికొందము.

అంతకు ముందటి సంవత్సరము మీకు తెలియనిది కాదు. 2020 ఫిబ్రవరి 26న భస్మ బుధవారపు ఆరాధన ఎప్పటివలెనే జరిగినది. పరిశుద్ధ బల్లపై ఊదారంగు వస్త్రము పరచితిమి. శుక్రవారపు ఇంటి ప్రార్థనల పట్టీ వ్రాసి గోడకు అంటించితిమి. ఇంతలో మార్చి 22 ఆదివారమున జనతా కర్ఫ్యూ వచ్చెను; 25 నుండి దేశమంతట లాక్‌డౌన్. పట్టీలోని సగము ఇండ్లలో ప్రార్థన జరుగనేలేదు. ఏప్రిల్ 5న మట్టల ఆదివారము మట్టలు లేకయే గడచినది. 10న శుభ శుక్రవారపు ఏడు మాటల ధ్యానమును సెల్‌ఫోనులో చెప్పితిమి. 12న పునరుత్థాన పండుగనాడు గుడి గంట మాత్రము మ్రోగించి, మరల తాళము వేసి ఇంటికి వచ్చితిమి.

తాళము వేసిన ద్వారము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. బోధను వైపు గ్రామములవారు మీలో అనేకులున్నారు. 1937లో స్థాపింపబడి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుగాంచిన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినది. చెరుకు నరుకు దినములును శ్రమల కాలమును ఒక్కసారే వచ్చును గనుక, ఫ్యాక్టరీ షిఫ్టులను చూచి ప్రార్థన వేళలు పెట్టుకొనెడివారమని మన పెద్దలు చెప్పుదురు. ఆ సైరను కూత నిలిచిన తరువాత కొందరు చెరుకు మాని వరి వేసిరి. కొందరు గల్ఫునకు, బొంబాయికి వలసపోయిరి. బీడీలు చుట్టి ఇల్లు గడుపుకొను తల్లులు మన సంఘములో ఎందరో యున్నారు. లాక్‌డౌనులో ఆ పనియు నిలిచెను. 44వ నంబరు జాతీయ రహదారిమీద డిచ్‌పల్లి, ఆర్మూరుల మీదుగా ఉత్తరదేశపు కూలీలు మూటలు నెత్తిన పెట్టుకొని నడచిపోవుట మనము కన్నులార చూచితిమి.

ఇక 2021లో భస్మ బుధవారము ఫిబ్రవరి 17న వచ్చినది. దానికి రెండు వారముల ముందు పాస్టరేటు కమిటీ కూడెను. మాటలాడిన విషయములేవి? బెంచీకి ఇద్దరు కూర్చుండవలెనా, ముగ్గురా? ప్రభు భోజనములో అందరును ఒక్క పాత్రలో త్రాగుట ఎట్లు? రొట్టెను ద్రాక్షారసములో ముంచి ఇత్తమా, చిన్న గిన్నెలు కొందమా? శానిటైజరు ఖర్చు ఏ పద్దు క్రింద వ్రాయవలెను? రెండు గంటలు మాటలాడితిమి. అవన్నియు అవసరమైన మాటలే. జాగ్రత్తపడుట అవిశ్వాసము కాదు. మన దేశములో టీకా ఆ జనవరి 16ననే మొదలైనది, గాని మన వృద్ధులకు ఇంకను అందలేదు.

అప్పుడు స్త్రీల మైత్రిలోని ఒక పెద్దమ్మ, బీడీలు చుట్టి చుట్టి వ్రేళ్లు గట్టిపడినామె, లేచి ఇట్లనెను: "అయ్యగారు, బెంచీల సంగతి మంచిగనే మాట్లాడిన్రు. మరి చెరుకు తోటకాడ ఉన్నాయన సంగతేంది? పోయిన లెంటుల ఆయనింట్ల ప్రార్థన పెట్టాలని పట్టీల రాసుకున్నం గద. ఎన్నడు పోతం?"

కమిటీలో ఎవరును నోరు తెరువలేదు. ఆయన ఎవరో అందరికిని తెలియును. ఆయన బొంబాయిలో మేస్త్రీ పని చేయుచుండెను. 2020 మార్చిలో పని నిలిచి, లాక్‌డౌనుకు కొద్ది దినముల ముందు ఊరు చేరెను. పదునాలుగు దినములు వెలుపలనే ఉండుమని ఊరివారు చెప్పిరి. ఆయనయు కాదనలేదు. చెరుకు తోటలోని మోటారు కొట్టములో ఉండెను. ఆ పదునాలుగు దినములలో మన సంఘమునుండి ఒక్కరును ఆ గట్టుదాక పోలేదు. మేము ఫోను చేసితిమి. ఫోనులోనే ప్రార్థించి పెట్టివేసితిమి. అన్నము ఎవరు పెట్టుచున్నారని అడుగలేదు. దినమునకు రెండు పూటలు రొట్టెలు, బిందెడు నీళ్లు గట్టుమీద పెట్టి, నాలుగడుగులు వెనుకకు నిలిచి, ఆయన తిన్నదాక మాటలాడి వెళ్లినది ప్రక్క చేనుకు నీరు పెట్టు ఒక ముస్లిం కుటుంబము. ఆ దినములలోనే ఆ మతమువారే రోగము తెచ్చిరను మాటలు మన ఫోనులలో తిరుగుచుండెను. వాటిని ఒకరినుండి ఒకరికి పంపినవారిలో మనవారును ఉండిరి. ఈ మాట చెప్పుటకు సిగ్గుగా ఉన్నది, గాని చెప్పక తీరదు.

ఆయనకు రోగము రాలేదు. దేవాలయము మరల తెరచిన తరువాత ఆయన వచ్చి కూర్చుండగా, ఆ బెంచీలోనివారు లేచి వేరొక బెంచీకి పోయిరి. మరుసటి ఆదివారము ఆయన రాలేదు. ఆ తరువాతను రాలేదు. మేము రిజిష్టరులో ఆయన పేరు ఎదుట గైరుహాజరు అని వ్రాసి ఊరకుంటిమి.

ప్రియులారా, దూరముగా నిలువుమను మాట మన తాతలకు క్రొత్తదా? ఈ ప్రాంతములో సువార్తను అంగీకరించినవారిలో అనేకులు ఊరి బావిలో చేద వేయగూడనివారు. పెద్దవారి ఇండ్లముందు చెప్పులు చేత పట్టుకొని నడచినవారు. పైనుండి పోసిన నీటిని దోసిలి పట్టి త్రాగినవారు. అట్టివారిని ప్రభువు తన బల్లయొద్దకు పిలిచి, ఒక్క పాత్రలోనిది అందరికిని ఇచ్చెను. కావున ఒక్క పాత్రలో త్రాగుట మనకు ఆచారము మాత్రమే కాదు, అది మన విడుదల. ఆ పాత్రను ఎట్లు అందించవలెనో రెండు గంటలు తర్కించిన మనము, ఆ పాత్రకు దూరమైన మనుష్యుని మరచితిమి. మన తాతలు పడిన బాధను మనమే ఒక సహోదరునికి పెట్టితిమి.

రోగమునకు దూరముండుట వేరు, రోగికి దూరమగుట వేరు. ఈ భేదమును నేర్పిన చోటు మనకు ఎంతో దూరమున లేదు. ఇందూరునుండి హైదరాబాదు పోవు దారిలో డిచ్‌పల్లి యున్నది. వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందిన డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారును, ఆమె భర్త జార్జి కెర్ దొరగారును 1915లో అక్కడ విక్టోరియా కుష్ఠు ఆస్పత్రిని నెలకొల్పిరి. నిజామాబాదుకు చెందిన రాజా నర్సాగౌడ్ గారు దానికి ధన సహాయము చేసిరి. ఆయన మన మతమువారు కారు. నేడు కుష్ఠు మందులతో పూర్తిగా నయమగు వ్యాధి. ఆ కాలమున అది సోకినవానిని ఇంటివారే వెళ్లగొట్టెడివారు. డిచ్‌పల్లిలోను రోగులు ఊరికి వేరుగానే ఉండిరి. అయితే వైద్యురాలు వారియొద్దకు పోయెను. హిడ్నోకార్పస్ నూనెతో చికిత్స చేసెను. ఊరు వారిని వేరు చేసి చేతులు దులుపుకొనెను. అమ్మగారి పని అక్కడనే మొదలాయెను.

క్వారంటైను అను మాట సంగతియు వినుడి. అది ఇటలీ దేశపు మాట. నలుబది అను అర్థమునుండి వచ్చినది. ప్లేగు దినములలో వెనిస్ నగరమువారు ఓడలను నలుబది దినములు రేవునకు వెలుపల నిలిపెడివారు. మన శ్రమల కాలమును, ఆదివారములు విడిచి లెక్కించినయెడల, నలుబది దినములే. ప్రభువును అరణ్యములో నలుబది దినములు వేరుగా నుండెను. కాబట్టి వేరుగా నుండుట శాపము కాదు. వేరుగా నున్నవానిని మరచుటయే పాపము.

మార్కు సువార్త మొదటి అధ్యాయము చివర కుష్ఠరోగి సంగతి చదువుడి. ప్రభువు చెయ్యి చాపి వానిని ముట్టెను. వాడు బాగుపడి జనులలోనికి వెళ్లి ఆ సంగతి చాటెను. ఆ తరువాత ప్రభువే పట్టణములోనికి బాహాటముగా పోలేక, వెలుపల నిర్జన స్థలములలో ఉండవలసివచ్చెను. ఇద్దరును చోట్లు మార్చుకొన్నట్లు ఆయెను. వెలుపలివాడు లోపలికి, లోపలివాడు వెలుపలికి. సిలువ మార్గమంతయు ఇందులో ఉన్నది కాదా? ఉపవాసమును గూర్చి యెషయా 58వ అధ్యాయము చెప్పునదియు ఇదియే: తల వంచుకొని కూర్చుండుట కాదు, ఆకలిగొన్నవానితో అన్నము పంచుకొనుట.

ఆ రాత్రి కమిటీ బెంచీల లెక్క ముగించి నాలుగు తీర్మానములు చేసెను. మొదటిది, శుక్రవారపు ప్రార్థనలు ఇండ్లలోపల కాక వాకిట జరుపుట; అది కూడని చోట గడప వెలుపల నిలిచియైనను ప్రతి ఇంటివారిని పలుకరించుట. రెండవది, తల్లులు వండుకొనునప్పుడు తీసిపెట్టు పిడికెడు బియ్యమును ఆ నలుబది దినములు రెండు పిడికిళ్లు చేసి, ఏ కులము, ఏ మతము అని అడుగక పనిలేని ఇండ్లకు ఇచ్చుట. మూడవది, ఎవరినైనను నిందించు మాట ఫోనులో వచ్చినయెడల దానిని మన చేతిలోనే ఆపుట, ఇదియు ఉపవాసమే. నాలుగవది, ఎవరైనను రోగముచేత వేరుగా ఉండవలసివచ్చినయెడల వారికి ఇద్దరిని నియమించుట: ఒకరు మాస్కు ధరించి అన్నము గడపయొద్ద పెట్టుటకు, మరియొకరు దినమునకు రెండుసార్లు మాటలాడుటకు.

తరువాత ఆ సహోదరుని ఇంటికి పోతిమి. మొదటిసారి ఆయన బయటికి రాలేదు. రెండవసారి వచ్చి వాకిట నిలిచెను. క్షమించుమని అడిగితిమి. ఆయన కోపపడలేదు. "దూరముండుమన్నరు, ఉన్న. దానికి నాకు బాధ లేదు అయ్యగారు. ఆ దినాలు అయిపోయినంక మల్ల రమ్మని ఎవ్వరన్న అంటరేమో అని చూసిన," అనెను. దానికి మాయొద్ద జవాబు లేకపోయెను. అక్కడనుండి ఆయనకు రొట్టెలు పెట్టినవారి ఇంటికి పోయి కృతజ్ఞత చెప్పితిమి. వారు వాకిట దూరదూరముగా కుర్చీలు వేసి చాయ్ ఇచ్చిరి. ఒక సంవత్సరము ఆలస్యముగా వచ్చితిమని వారు అనలేదు, మేమే అనుకొంటిమి.

మార్చి నెలలో మహారాష్ట్రలో రోగము మరల హెచ్చెను. నెల చివర ఊరేగింపులు కూడదని రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు వచ్చెను. మట్టల ఆదివారమున మట్టలను ఇండ్ల గుమ్మములకు కట్టుకొంటిమి. ఏప్రిల్ 4న పునరుత్థాన పండుగ. ఆరాధనకు కొద్దికొద్దిమందిగా మూడు వేళలు పెట్టితిమి. ఆ సహోదరుడు వచ్చెను, గాని లోపలికి రాలేదు. ఆవరణలోని వేపచెట్టు క్రింద నిలిచెను. ఆయనను బలవంతము చేయలేదు. రొట్టెను ముంచి, మేమే మెట్లు దిగి వెలుపలికి తీసికొనిపోతిమి. ఆయన తలపాగ తీసి చేతులు చాపెను. ఆయన ప్రక్కనున్న ఇద్దరు పెద్దలు, బెంచీ మారినవారే, ఆయనతో కూడ అక్కడనే పుచ్చుకొనిరి.

ఆ తరువాతి వారములలో ఏమి వచ్చెనో మీకు తెలియును. రెండవ విడత రోగము మన ఇండ్లలోనికి వచ్చెను. ఆక్సిజను సిలిండరు అను మాట చిన్నపిల్లలును నేర్చుకొనిరి. మే 12న మరల లాక్‌డౌన్. ఒకే వారములో రెండుసార్లు సమాధుల తోటకు పోయితిమి. కాని ఈసారి వేరుగా ఉండినవారి గడపయొద్దకు అన్నము చేరెను, ఫోను మ్రోగెను. శ్రమల కాలములో నియమించినవారే ఆ పని చేసిరి. వారిలో మొదట పేరు ఇచ్చినది వేపచెట్టు క్రింద నిలిచిన సహోదరుడే. పండుగకు సిద్ధపడుచున్నామని మనము అనుకొంటిమి. ప్రభువు మనలను మే నెలకు సిద్ధపరచెను.

నేడు మాస్కులు లేవు. బెంచీలు నిండియున్నవి. ఒకే పాత్ర మరల వచ్చినది. కావున మరచిపోవుట సులువు. ఈ శ్రమల కాలమునకు పట్టీ వ్రాయుచున్న పెద్దలారా, ఒక్క మనవి. మొదట రిజిష్టరు తెరచి గైరుహాజరు అని ఉన్న పేర్లను చదువుడి. ఎవరు రాలేదని కాదు, మనము ఎవరియొద్దకు పోలేదని అడుగుడి. అప్పులపాలై ముఖము చాటువేసినవారు ఉందురు. గల్ఫునుండి రిక్తహస్తములతో వచ్చినవారు ఉందురు. త్రాగుడుకు లోనైనవారు, కులాంతరముగా పెండ్లాడి వెలియైనవారు ఉందురు. వారి ఇండ్లు పట్టీలో మొదటి శుక్రవారమునకే వ్రాయుడి. బల్లమీది వస్త్రమును ఆ తరువాత మార్చుదము.

మనకొరకు వెలుపల నిలిచిన ప్రభువు కృప మీకందరికిని తోడైయుండును గాక. ఆమేన్.