పేరు పిలిస్తే పలికేదెవరు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నా వృత్తి గురించి మాట్లాడమన్నారు. పిల్లలను ఏడిపించే ఒక్క సంగతే చెబుతాను.

పైథాన్ నేర్చుకునే అమ్మాయి పాచికల ఆట రాస్తుంది. అందుకు పైథాన్‌తోపాటే వచ్చే 'రాండమ్' అనే మాడ్యూల్ కావాలి. తన ఫైలుకూ 'రాండమ్' అనే పేరే పెడుతుంది. నడపగానే ఎర్రర్! పుస్తకంతో అక్షరం అక్షరం పోల్చినా తేడా ఉండదు. పైగా అదే ఫోల్డర్‌లో ఉన్న పక్కవాళ్ల ఆటలూ ఆగిపోతాయి. 'ఇది మనకు రాదులే' అని కొందరు అక్కడే వదిలేస్తారు. నా బాధ అదీ.

మన తరగతుల్లో శ్రీనివాస్‌లు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు. అందుకే మాస్టార్లు ఇంటిపేరుతో పిలిచేవారు. పైథాన్‌కు ఇంటిపేరు చెప్పం, ఒట్టి పేరే చెబుతాం. అది తనలోనే ఇమిడివున్న కొద్ది మాడ్యూళ్లను చూసి, తర్వాత మన ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లో వెతుకుతుంది. ప్రామాణిక లైబ్రరీ వంతు ఆ తర్వాతే. ఆ పేరుతో మొదట ఎవరు పలికితే వాళ్లే, ఇక వెతకదు. పాపం, ఆ అమ్మాయి ఫైలు తనను తానే పిలుచుకుంది.

విడిగా తెచ్చుకున్న ప్యాకేజీలది చివరి వంతు. అందులోనూ వాడుకరి సొంత ఫోల్డర్ ముందు, మొత్తం కంప్యూటర్‌కు ఉమ్మడిది తర్వాత. 2008లో పైథాన్ 2.6తో వచ్చిన ఈ ఏర్పాటు నాకు ఇష్టం. అడ్మిన్ పాస్‌వర్డ్ లేని పిల్లలు కూడా కావలసినవి తెచ్చి పెట్టుకోవచ్చు.

అయితే ఇదే వరస దొంగకూ దారి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఎవరో పంపిన ఫైలు అలాంటి పేరుతో ఉంటే, అక్కడి మన ప్రోగ్రాం దాన్నే నడుపుతుంది. లైనక్స్ ఈ విషయంలో జాగ్రత్త: కమాండ్ కోసం మనమున్న ఫోల్డర్‌లో మామూలుగా వెతకదు, చుక్క, గీత పెట్టి అడగాల్సిందే. విండోస్ పాత కమాండ్ ప్రాంప్ట్ మాత్రం ముందు అక్కడే చూస్తుంది. పైథాన్‌లో 2022 నాటి 3.11 నుంచి, పెద్దక్షరం 'పి' ఆప్షన్‌తో నడిపితే ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌ను ఆ వరసలో చేర్చదు.

3.13 వచ్చాక ఎర్రర్ సందేశమే 'ఫైలు పేరు మార్చి చూడండి' అని సూచిస్తోంది. ల్యాబ్‌లో అంతకంటే పాతది ఉంటే, పిల్లలు ఏడుపుముఖంతో వచ్చినప్పుడు ప్రోగ్రాం చదవడానికి ముందు ఆ ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లు చూడండి మాస్టారూ.