పొగ, నిప్పు, యంత్రం: తర్కశాస్త్రం మనకు అప్పగించిన ఒక ప్రశ్న

(ఆలయ వార్షికోత్సవ సభలో యువసభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఏ విషయం మీద మాట్లాడమంటారని కార్యదర్శిగారిని అడిగితే, “పిల్లలకు పనికివచ్చేది ఏదైనా చెప్పండి” అన్నారు. మీలో అనేకులు కంప్యూటర్ శాస్త్రమో, వైద్యమో, గణితమో అభ్యసించినవారు. యంత్రాలకు నేర్పే వృత్తిలోనే ఉన్నవారూ కొందరున్నారు. నేను గణాంకశాస్త్రం బోధించి విశ్రాంతి పొందినవాణ్ణి, తత్త్వవేత్తను కాను. ఒక తత్త్వశాస్త్ర సదస్సులో శ్రోతగా కూర్చుని, నోరు విప్పవలసిన చోట విప్పలేకపోయిన వృత్తాంతం మీకు విన్నవిస్తాను. నేను నేర్చుకున్న పాఠం అందులోనే ఉంది.

ముందుగా ఆ సదస్సుల తీరు చెప్పాలి. ఈ దేశంలో తత్త్వశాస్త్ర అధ్యాపకులకు అమెరికన్ ఫిలసాఫికల్ అసోసియేషన్ అనే సంఘం ఉంది. 1900లో స్థాపించారు. ఈస్టర్న్, సెంట్రల్, పసిఫిక్ అని దానికి మూడు విభాగాలు. ఒక్కొక్క విభాగం ఏటా ఒక సదస్సు నిర్వహిస్తుంది. పెద్ద హోటలులో అనేక గదులలో ఏకకాలంలో గోష్ఠులు జరుగుతాయి. ఒకరు పత్రం చదువుతారు. ఆ పత్రాన్ని ముందుగానే తెప్పించుకుని పరిశీలించిన వ్యాఖ్యాత ఒకరు లేచి, అది ఎక్కడ నిలవదో చెబుతారు. పత్రకర్త సమాధానమిస్తారు. తరువాత సభికుల ప్రశ్నలు. వ్యాఖ్యాతను పిలిచేది ప్రశంసించడానికి కాదు, పరీక్షించడానికి. తప్పు చూపినవారిపై అక్కడ ఎవరూ అలగరు.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. మన శాస్త్రగ్రంథాలలో ముందు పూర్వపక్షం, తరువాత సిద్ధాంతం. గౌతముని న్యాయసూత్రాలు చర్చను మూడు విధాలుగా విభజించాయి. సత్యం తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తనదంటూ ఏ పక్షమూ నిలపకుండా ఎదుటివాని మాటను ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండ. ఈనాటి తెలుగులో వాదం అంటే తగాదా అయిపోయింది, జల్పాన్ని మరచిపోయాము, వితండవాదం మాత్రం ఇంటింటా వినిపిస్తూనే ఉంది. ఆ హోటలు గదిలో నేను చూసినది అసలైన వాదం.

ఆనాటి గోష్ఠి విషయం మెషీన్ లెర్నింగ్, అనగా యంత్రాభ్యసనం. యంత్రానికి వేలకొలది ఉదాహరణలు చూపుతాము. వాటిలో ఏది దేనితో కలిసి వస్తున్నదో అది పసిగడుతుంది. ఆపైన ఎన్నడూ చూడని దానిమీద తీర్పు చెబుతుంది. చూసినదాని నుంచి చూడనిదానికి వెళ్ళే ఈ అధికారం ఎక్కడిది? స్కాట్లాండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 18వ శతాబ్దిలో ఈ ప్రశ్న వేశాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మన చార్వాకులు అనుమాన ప్రమాణాన్ని ఇదే చోట నిలదీశారు. 1996లో డేవిడ్ వోల్పర్ట్ ఇంకొక మెట్టు ఎక్కి, సాధ్యమైన సమస్యలన్నింటినీ సమానంగా లెక్కలోకి తీసుకుంటే ఏ అభ్యసన పద్ధతీ మరొకదానికంటే మెరుగైనది కాదని గణితంతో నిరూపించాడు. లోకం ఎలా ఉంటుందో ముందుగా కొంత ఊహించనిదే నేర్చుకోవడం కుదరదని దాని తాత్పర్యం. ప్రిన్స్‌టన్‌లో గిల్బర్ట్ హార్మన్ అనే తత్త్వవేత్త, సంజీవ్ కులకర్ణి అనే ఇంజనీరింగ్ ఆచార్యుడు కలిసి ఈ విషయంపై 2007లో ఒక పుస్తకమే ప్రకటించారు.

పత్రం చదివినది ఒక యువ పరిశోధకురాలు. ఆమె చెప్పిన రెండు ఉదాహరణలు మీకూ చెబుతాను.

మొదటిది: న్యుమోనియాతో వచ్చిన రోగులలో ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో ముందుగా చెప్పగల నమూనాలను 1990ల మధ్యకాలంలో ఇక్కడ తయారుచేశారు. అన్నిటిలో కచ్చితమైనది న్యూరల్ నెట్‌వర్క్. కాని అవే వివరాల నుంచి నియమాలు వెలికితీసే మరొక పద్ధతి ఒక వింత నియమాన్ని బయటపెట్టింది: ఉబ్బసం ఉన్నవారికి అపాయం తక్కువ! ఏ వైద్యుడూ ఒప్పుకోని మాట. కాని లెక్కలు అబద్ధం చెప్పలేదు. ఉబ్బసం ఉన్న రోగి న్యుమోనియాతో వస్తే తిన్నగా అత్యవసర చికిత్సా విభాగంలో చేర్చేవారు. ఆ శ్రద్ధ వల్ల వారు బతికారు. యంత్రానికి ఉబ్బసం కనిపించింది, శ్రద్ధ కనిపించలేదు. ఆ నియమాన్ని నమ్మి ఉబ్బసం రోగులను ఇంటికి పంపి ఉంటే ఏమయ్యేది? చదవగలిగిన నమూనాలోనే ఇటువంటిది దొరికితే, చదవలేని న్యూరల్ నెట్‌వర్క్‌లో ఇంకెన్ని దాగి ఉన్నాయోనని పరిశోధకులు దానిని రోగులపై వాడరాదని నిశ్చయించారు. రిచ్ కారువానా, ఆయన సహచరులు 2015 నాటి పత్రంలో ఈ సంగతి చెప్పారు.

రెండవది 2016లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రిబైరో, సింగ్, గెస్ట్రిన్ చేసిన ప్రయోగం. తోడేలుకూ హస్కీ కుక్కకూ భేదం చెప్పే యంత్రాన్ని కావాలనే లోపంతో తయారుచేశారు. నేర్పేటప్పుడు చూపిన తోడేళ్ళ చిత్రాలన్నిటిలో మంచు ఉంది, కుక్కల చిత్రాలలో లేదు. యంత్రం నేర్చినది మంచునే. ఈ విషయం తెలిసిన శాస్త్రాన్నే చదువుతున్న 27 మంది విద్యార్థులకు దాని తీర్పులు చూపితే, 10 మంది నమ్మదగినదే అన్నారు. యంత్రం చిత్రంలో ఏ భాగాన్ని చూసి తీర్పు చెప్పిందో బయటపెట్టిన తరువాత ముగ్గురే మిగిలారు.

అప్పుడు వ్యాఖ్యాత లేచి అడిగాడు: “ఊరికే వెంట వచ్చే లక్షణాన్ని, నిజంగా ఆధారమైన లక్షణాన్ని వేరుచేసి చూపే భావన ఏదైనా మన దగ్గర ఉన్నదా? లేక ప్రమాదం జరిగిన తరువాత గుర్తుపట్టడమేనా?”

ఆ మాట వినగానే నాకు గోదావరి జిల్లాలోని మా ఇంటి అరుగు కళ్ళకు కట్టింది. మా తాతగారు నన్ను అక్కడ కూర్చోబెట్టి తర్కసంగ్రహం చెప్పేవారు. కొండమీద పొగ ఉంది కనుక నిప్పు ఉంది, వంటింట్లో వలె. ఇది సరైన అనుమానం. దీనిని తిరగవేసి, నిప్పు ఉంది కనుక పొగ ఉంది అనవచ్చునా? అనరాదు. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. మరి వంటింట్లో పొగ ఎందుకు వచ్చింది? తడికట్టె వల్ల. ఆ తడికట్టెకు నైయాయికులు పెట్టిన పేరు ఉపాధి. సాధించదలచినది ఉన్నచోటల్లా అది ఉంటుంది. మనం చెప్పిన హేతువు ఉన్నచోటల్లా మాత్రం ఉండదు. ఉపాధి దొరికితే ఆ అనుమానం కూలినట్లే. వానాకాలంలో పొయ్యి ఊదుతూ పైటచెంగుతో కళ్ళు తుడుచుకునే మా నాయనమ్మను చూపించి తాతగారు, “అడుగు, ఉపాధి ఏమిటో ఆవిడకు తెలుసు” అని నవ్వేవారు.

ఈనాడు తెలుగు పత్రికలలో ఉపాధి అంటే ఉద్యోగం. మీలో తెలుగు చదవగలిగినవారికి కూడా ఆ అర్థమే తెలిసి ఉంటుంది. తర్కంలో దాని అర్థం ఇది.

వ్యాఖ్యాత అడిగిన భావన నాకు తెలుసు. చేయి ఎత్తలేదు.

ఎందుకు? “అన్నీ మావాళ్ళే ముందు కనిపెట్టారు” అని చెప్పుకునే మనిషిగా నన్ను జమకడతారేమోనన్న భయం ఒకటి. ఎవరైనా మారు ప్రశ్న వేస్తే చెప్పగలిగినంత నాకు గుర్తులేదన్న సంగతి రెండవది. భయాన్ని మర్యాద అనుకున్నాను. అజ్ఞానాన్ని వినయం అనుకున్నాను.

గోష్ఠి ముగిసిన తరువాత నడవాలో ఆ పరిశోధకురాలిని కలిసి తడికట్టె మాట చెప్పాను. ఆమె చాలాసేపు శ్రద్ధగా విని, “ఇది సభలో ఎందుకు చెప్పలేదు? నేను ఎక్కడ చదవాలి?” అని అడిగారు. మొదటి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రెండవదానికి ఒక పుస్తకం పేరు తప్ప ఏమీ లేదు.

ఇంటికి వచ్చి తర్కసంగ్రహం తెప్పించుకున్నాను. దానిని రచించిన అన్నంభట్టు 17వ శతాబ్దివాడు, మన ఆంధ్రదేశంవాడని ప్రసిద్ధి. బాలురకు సుఖంగా బోధపడడానికే రాస్తున్నానని మొదటనే చెప్పుకున్నాడు. వ్యాకరణం, కావ్యం, కోశం చదివి న్యాయశాస్త్రం మాత్రం చదవనివాడే ఇక్కడ బాలుడని వ్యాఖ్యానం. ఆ లెక్కన అరవై దాటిన నేనూ బాలుణ్ణే.

చదివిన కొద్దీ రెండు విషయాలు స్పష్టమయ్యాయి. మొదటిది: నైయాయికులకు యంత్రాభ్యసనం తెలియదు, తెలిసిందని మనం చెప్పరాదు. వారు కోరినది ఎన్నడూ తప్పని సంబంధం, అదే వ్యాప్తి. యంత్రం కోరేది చాలావరకు కుదిరే సంబంధం. ఉపాధి లక్షణం ఉబ్బసం కథకు అక్షరాలా అతకదు; అత్యవసర చికిత్స లేకుండా కోలుకున్న రోగులు ఎందరో ఉంటారు. సంభావ్యతా గణితం వారి దగ్గర లేదు. పూర్వులు మనకు ఇచ్చినది జవాబు కాదు. ఎక్కడ వెతకాలో చెప్పే ప్రశ్న: ఇక్కడ తడికట్టె ఏది?

రెండవది: సందేహానికీ ఒక హద్దు ఉంది. ఉపాధి ఉన్నదేమోనని అన్నిటినీ శంకిస్తే జీవనం సాగదు. ఆకలి తీరుతుందో లేదోనని నిజంగా శంకించేవాడు అన్నానికి చేయి చాపడు. చేయి చాపుతున్నాడంటే ఆ శంక నిజం కాదు. ఉదయనుడు, గంగేశుడు చార్వాకునికి ఇచ్చిన సమాధానం ఈ దారిలోనిదే. కనుక యంత్రాలను విసర్జించమని నేను అనడం లేదు. ఆ న్యుమోనియా పరిశోధకులు కూడా యంత్రాన్ని విసర్జించలేదు. కారణం చదవగలిగిన సరళమైన నమూనాను ఎంచుకున్నారు.

యువమిత్రులారా, మీలో కొందరి చేతుల మీదుగా ఎవరికి ఋణం ఇవ్వాలో, ఏ రోగిని ముందు చూడాలో నిర్ణయించే యంత్రాలు వెళతాయి. సమావేశంలో అందరూ కచ్చితత్వపు శాతం చూసి తృప్తిపడిన వేళ, మంచు కనిపించినవారు మీరొక్కరే కావచ్చు. నావలె ఊరుకోవద్దు. “ఇందులో తడికట్టె ఏది?” అని అడగండి. ఏ భాషలో అడిగినా సరే. అది వితండ కాదు, వాదం. అడిగినందుకు ఎవరైనా చిన్నబుచ్చుకుంటే, లోపం ప్రశ్నలో లేదు.

పెద్దలకు కూడా ఒక విన్నపం. మన పిల్లలకు మన శాస్త్రాల గొప్పతనం చెబుతున్నాము. శాస్త్రాలు చెప్పడం లేదు. గొప్పతనం మాత్రమే విన్నవాడు నావలె నడవాలో పుస్తకం పేరు చెప్పి ఆగిపోతాడు. మన ఆలయ పాఠశాలలో ఆదివారం ఒక అరగంట, చిన్న పుస్తకమే కనుక, తర్కసంగ్రహానికి కేటాయించమని కార్యవర్గాన్ని ప్రార్థిస్తున్నాను. బోధించడానికి పండితులు దొరికేవరకు, కలిసి చదువుకోవడానికి ఒక బాలుడు సిద్ధంగా ఉన్నాడు.