హృదయధమనులలోని పూడిక – సి.టి. చిత్రపరీక్ష
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



పిల్లల చదువును గూర్చి మాటలాడవలసిన సభలో గుండెజబ్బు ప్రసంగ మేల యని కొందఱికి తోచవచ్చును. ఇంటి పెద్ద మంచమెక్కినచో ముందుగా కుంటుపడునది బిడ్డల చదువే. ఇంటర్‌హార్ట్ అను పరిశోధన 52 దేశములలో జరిగినది. 2007లో ప్రకటింపబడిన దాని ఫలితములనుబట్టి, దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు సగటున 53 ఏండ్లకే వచ్చుచున్నది. ఇతరులకంటె ఇది సుమారు ఆఱేండ్లు ముందు. గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003-04లో సంభవించిన మరణములను పరిశీలింపగా, నూటికి 32 గుండె, రక్తనాళముల వ్యాధులవలననే యని తేలినది. విరుదునగరమున జన్మించి, బడిపిల్లలకు మధ్యాహ్న భోజనము పెట్టించిన కామరాజుగారు 1975 అక్టోబరు 2వ తేదీన గుండెపోటుతోనే కన్నుమూసిరి.

మన చెరువు తూములలో ఒండ్రు చేరుట మీరెఱిగినదే. హృదయధమనులలోని పూడిక కొంత వేఱు. అది నాళపు గోడలోపలనే పెరుగును. మొదట గోడ వెలుపలికి ఉబ్బుటచే రక్తప్రవాహము తగ్గదు, నొప్పియు నుండదు. క్రొవ్వుతో నిండిన మెత్తని పూడికపై పలుచని పొర మాత్ర ముండును. ఆ పొర చిరిగిన క్షణమున రక్తము గడ్డకట్టి దారి మూసికొనును. నిన్న పొలము దున్నినవాడు నేడు కూలిపోవుటకు కారణ మిదియే. కావున దారి ఎంత ఇఱుకైనదో తెలిసిన చాలదు. పూడిక ఎట్టిదో కూడ తెలియవలెను. ఇ.సి.జి. దానిని చూపజాలదు.

సి.టి. యంత్రమును నిర్మించిన హౌన్స్‌ఫీల్డ్ ఆంగ్లదేశపు ఇంజనీరు. 1971 అక్టోబరు 1వ తేదీన లండనులో తొలిరోగి తలను దానితో చిత్రించిరి. 1979లో ఆయనకును కార్మాక్‌నకును నోబెల్ బహుమానము లభించినది. కాని తలవలె గుండె కదలకుండ నుండదు గదా! 2004 ప్రాంతమున 64 వరుసల యంత్రములు వచ్చిన పిదపనే, కొలది స్పందనములలో గుండెను స్పష్టముగా చిత్రించుట సులభమైనది.

ఈ పరీక్ష రెండు విధములు. మొదటిది కాల్షియం స్కోరు. సూది అవసరము లేదు; కొలది నిమిషములలో ముగియును. ముదిరిన పూడికలో సున్నపు పదార్థము చేరును. దానిని కొలుచు పద్ధతిని 1990లో అగాట్‌స్టన్ ప్రకటించెను. సున్న మేలు, 1 మొదలు 99 వఱకు స్వల్పము, 100 మొదలు 399 వఱకు మధ్యమము, 400, ఆపైన అధికము. అయినను సున్న వచ్చినదని బీడీ కాల్చువాడు నిశ్చింతగా నుండరాదు. వయసు తక్కువవారిలో సున్నము చేరని మెత్తని పూడిక ఈ పరీక్షకు దొరకక పోవచ్చును.

రెండవది సి.టి. ఆంజియోగ్రాం. చేతి సిరలోనికి అయొడిన్ గల మందు నెక్కించి చిత్రములు తీయుదురు. నాడి వేగము తగ్గుటకు మాత్ర నిత్తురు. ఇందు మెత్తని పూడికయు కనబడును. మూత్రపిండముల జబ్బున్నవారును, అయొడిన్ పడనివారును, గర్భవతులును ముందుగానే వైద్యునకు తెలుపవలెను.

దీని ప్రయోజన మెంత? స్కాట్లండులో స్థిరమైన ఛాతీనొప్పి గల 4,146 మందిని పరీక్షించిరి. అయిదేండ్లలో గుండెజబ్బు మరణముగాని గుండెపోటుగాని సాధారణ పద్ధతిలో చూచినవారిలో నూటికి 3.9 మందికి సంభవింపగా, సి.టి. కూడ తీసినవారిలో 2.3 మందికే సంభవించినది. ఈ ఫలితము 2018లో వెలువడినది. యంత్రము వారిని నయము చేయలేదు. పూడికను చూచిన వైద్యులు తగిన మందుల నిచ్చిరి, రోగులు వాడిరి. మందు మానినచో చిత్రము వట్టి కాగితమే. స్టాటిన్ మందు వాడువారికి కాల్షియం స్కోరు కొంత పెరుగవచ్చును. మెత్తని పూడిక గట్టిపడుట అందులకు కారణము కావచ్చును గనుక, భయపడి మందు మానరాదు.

ఏ బాధయు, ఏ అపాయ కారణమును లేనివారు ప్రకటనలు చూచి స్కానుకు పరుగెత్త నక్కఱలేదు. ఎదలో బరువు, చెమట, ఆయాసము హఠాత్తుగా కలిగినచో స్కాను మాట తలపెట్టక వెంటనే 108కి ఫోను చేయవలెను. మధుమేహ మున్నవారికి నొప్పి లేకయే ఆయాసము మాత్రము రావచ్చును. రక్తపోటు, చక్కెర పరీక్షలకై 2021 నుండి ప్రభుత్వ సిబ్బంది ఇంటికే వచ్చు పథక మున్నది, వారిని త్రిప్పిపంపకుడు. నూనెలో వేగిన పరోటా పండుగనాటి రుచిగా నుండవలెను గాని దినభోజనము కారాదు.

చివరగా ఒక్క మాట. మన యింట తెలుగు, వీథిలో తమిళము, ఆసుపత్రి కాగితములో ఇంగ్లీషు. మన అవ్వ తన బాధను తెలుగున చెప్పును. వైద్యుడు తమిళమున అడుగును. నడుమ నిలిచి చెప్పువాడు ఈ బడిలో చదువు బిడ్డయే. నొప్పి నడచునపుడు వచ్చునా, కూర్చున్నపుడా, భుజమునకు ప్రాకునా, ఎంతసేపుండును – ఈ ప్రశ్నలకు సమాధానములను ఏ మాటయు విడువక తెలుపుట వానికి నేర్పుడు. అవ్వ మాట తెలియని మనుమడు అవ్వ నొప్పిని వైద్యునకు చెప్పజాలడు. మూడు భాషలును నేర్చిన బిడ్డ ఆ యింటికి రక్ష.