చందమామ మీద పట్టా ఎవరికి?

ఈసారి ప్రశ్న భద్రాచలం రోడ్డు మీద ఒక టీ కొట్టు దగ్గర పుట్టింది. ఓ తమ్ముడు ఫోన్ చూపించాడు. "అన్నా, చంద్రుడి మీద ఎకరం స్థలం ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, సర్టిఫికెట్ కూడా ఇస్తారట. కొనొచ్చా?" పక్కన కూర్చున్న పెద్దాయన, పోడు చేసుకునే రైతు, "ఇక్కడ దున్నే నేలకే కాయితం లేదు, ఆడ ఎవడిస్తడు బాబూ?" అన్నాడు. అందరం నవ్వాం. కానీ ఆలోచిస్తే ఇద్దరూ అడిగింది ఒకటే ప్రశ్న.

ముందు తమ్ముడికి జవాబు. కొనకు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుడు ఏ దేశానికీ సొంతం కాదు. మన దేశం కూడా ఆ ఒప్పందంలో ఉంది. దేశానికే హక్కు లేని చోట నీకు రిజిస్ట్రేషన్ ఎవరు చేస్తారు? 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన చోటుకి శివశక్తి అని పేరు పెట్టుకున్నాం. అది పేరే, పట్టా కాదు. ఆ సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించుకోవచ్చు, అంతవరకే.

అయితే ఇక్కడో మెలిక ఉంది. నేల సొంతం కాదు సరే, తవ్వి తీసింది ఎవరిది? అమెరికా 2015లోనే చట్టం చేసేసింది: తమ వాళ్లు తవ్వుకున్నది తమ వాళ్లదే అని. 2023 జూన్‌లో మనం సంతకం పెట్టిన ఆర్టెమిస్ ఒప్పందాలు కూడా తవ్వినంత మాత్రాన నేలను ఆక్రమించినట్టు కాదంటాయి. పైగా పని జరిగే చోటు చుట్టూ సేఫ్టీ జోన్ పెట్టుకోవచ్చు, తాత్కాలికంగా. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర ఎండ తగలని గుంతల్లో నీరు మంచుగా ఉంది, అందరి కన్నూ దానిమీదే. వాగు పక్కన ముందు గుడిసె వేసినవాడు వాగు నాది అనడు. కానీ చుట్టూ కంచె వేస్తే మిగతా వాళ్లకి దారేది? అడవి అంచున కందకం తీయడం చూసిన మా వైపు వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పెద్దాయన సంగతి. 2006 అటవీ హక్కుల చట్టంలో తేదీ 2005 డిసెంబర్ 13. ఆనాటికి సాగులో ఉన్న నేలకి, గరిష్ఠంగా 4 హెక్టార్లు, అంటే సుమారు పదెకరాలకి హక్కు అడగొచ్చు. గిరిజనేతరులైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్ల నివాసం చూపించాలి. (సరదాకి చెప్తున్నా, చంద్రుడి మీద మనుషులు ఎక్కువసేపు ఉన్నది 1972లో అపోలో-17 అప్పుడు. దాదాపు 75 గంటలు!)

ఆ రోజు సాగులో ఉందని రుజువేంటి? ఇక్కడే అంతరిక్షం మన పొలంలోకి దిగింది. పాత ఉపగ్రహ చిత్రాలు తీసి చూస్తారు. "రాకెట్లతో మనకేం పని" అనేవాళ్లు ఇది వినాలి. అప్పటి మన రిసోర్స్‌శాట్-1లో ఇంతకన్నా స్పష్టమైన కెమెరా కూడా ఉంది, కానీ లిస్-3 అనే కెమెరా సంగతి చూడండి. దాని ఫొటోలో ఒక్క చుక్క అంటే నేలమీద 23.5 మీటర్ల చదరం. లెక్కేస్తే ఎకరానికి ఏడు చుక్కలు. ఆ ఏడు చుక్కల్లో పోడు ఎలా కనిపిస్తుంది? రైతు ఇప్పచెట్టు కొట్టడు, పువ్వు కావాలి, గింజ కావాలి. పైనుంచి అది పచ్చగానే కనిపిస్తుంది. రెండేళ్లు నేలకి విశ్రాంతినిస్తే పొదలు లేస్తాయి, అదీ పచ్చగానే కనిపిస్తుంది. ఉపగ్రహం అబద్ధం చెప్పలేదు, పచ్చగా ఉందంది. దాన్ని అడవి అన్నది మాత్రం కింద కూర్చుని ఫొటో చదివిన మనిషి.

అందుకే 2012లో నిబంధనలు సవరించారు. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకి తోడు మాత్రమే, వాటికి బదులు కాదు అని స్పష్టంగా రాశారు. గట్లు, గుడిసె, ఊరి పెద్దల వాంగ్మూలం ఇవన్నీ చట్టం ఒప్పుకునే సాక్ష్యాలే. నాకు ఈ సవరణ చాలా పెద్ద విషయం అనిపిస్తుంది. చంద్రుడి ఒప్పందాలు రాసేవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో గానీ, నేల తగాదాలో ఫొటో ఒక్కటే సరిపోదని మన చట్టంలో ఎప్పుడో రాసి ఉంది.

మీ ఇంట్లో ఎవరిదైనా ఆర్ఓఎఫ్ఆర్ క్లెయిమ్ తిరస్కరిస్తే, "శాటిలైట్‌లో లేదు" అని నోటితో చెప్తే ఊరుకోకండి. కారణం రాతపూర్వకంగా అడగండి. గ్రామసభ తీర్మానం మీద సబ్ డివిజనల్ కమిటీకి, వాళ్ల నిర్ణయం మీద జిల్లా కమిటీకి 60 రోజుల్లోపు అప్పీల్ వేసుకోవచ్చు. కాగితం చేతికొచ్చిన రోజు ఫోన్‌లో ఫొటో తీసి, తేదీ రాసి పెట్టుకోండి. వచ్చేవారం ఇంకో ప్రశ్నతో కలుద్దాం.