బైక్ ఫాగ్ లైటుకి మాస్‌ఫెట్: ప్లస్ వైపు స్విచ్ సరిగ్గా పెట్టడం ఎలా?

ఈరోజు మాస్‌ఫెట్ గురించి మాట్లాడుకుందాం. అందులోనూ హై సైడ్ స్విచింగ్, అంటే లోడ్‌కి ప్లస్ వైపున స్విచ్ పెట్టడం. నన్ను చాలామంది అడిగారు కానీ, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే ఒక తమ్ముడు పంపిన మెసేజ్ చూశాక ఇక ఆగలేదు. బైక్‌కి 35 వాట్ల బల్బు ఉన్న ఫాగ్ లైటు పెట్టాడు. చీకటి పడగానే అదే వెలగాలి, తెల్లారితే ఆరిపోవాలి. ఈఎస్‌పీ 32 బోర్డు, ఎల్‌డీఆర్ సెన్సర్, కోడ్ అంతా రెడీ. లైట్ మాత్రం మాట వినట్లేదు. చివరికి బోర్డే పోయింది.

అతను చేసిన మూడు ప్రయత్నాలనూ వరసగా చూద్దాం. మీలో చాలామంది వెళ్ళే దారి అదే.

మొదటిసారి ఐఆర్‌ఎఫ్‌జెడ్ 44ఎన్ తీసుకున్నాడు. ఇది ఎన్ ఛానల్. దాన్ని లైట్‌కి, నెగటివ్‌కి మధ్యలో పెట్టాడు. టేబుల్ మీద పనిచేసింది. బైక్‌కి బిగించగానే లైట్ ఆరడం మానేసింది. ఎందుకు? బైక్‌లో ఫ్రేమ్ మొత్తం బ్యాటరీ నెగటివే కదా. ఈ లైట్‌కి నెగటివ్ దాని మెటల్ బాడీలోనే ఉంది. క్లాంప్ బిగించగానే ఫ్రేమ్ నుంచి డైరెక్ట్‌గా నెగటివ్ అందింది. మాస్‌ఫెట్ పక్కన నిలబడి చూడటమే. ఇలాంటి చోట ప్లస్ వైరునే కట్ చేయాలి. వేరే దారి లేదు.

రెండోసారి అదే మాస్‌ఫెట్‌ని ప్లస్ వైపుకి మార్చాడు. 3.3 వోల్టులు ఇస్తే అసలు వెలగలేదు. గేట్‌కి 12 వోల్టులు ఇచ్చి చూస్తే మసకగా వెలిగింది, మాస్‌ఫెట్ ముట్టుకోలేనంత కాలిపోయింది.

ఇక్కడే అసలు విషయం ఉంది, జాగ్రత్తగా వినండి. గేట్ వోల్టేజ్‌ని గ్రౌండ్ నుంచి లెక్కపెట్టకూడదు, సోర్స్ కాలు నుంచి లెక్కపెట్టాలి. ఎన్ ఛానల్‌ని ప్లస్ వైపు పెడితే సోర్స్ లైట్ వైపు ఉంటుంది. లైట్ వెలిగేకొద్దీ సోర్స్ కూడా పైకి లేస్తుంది. గేట్ 12 దగ్గరే ఉంది, సోర్స్ 8, 9 దాకా వచ్చేసరికి వాటి మధ్య తేడా 3, 4 వోల్టులే. అంతకంటే పైకి వెళ్ళలేదు. మిగిలిన 3, 4 వోల్టులు మాస్‌ఫెట్ మీదే పడతాయి. రెండు ఆంపియర్ల పైన కరెంటు వెళ్తుంటే దాదాపు 8 వాట్ల వేడి. హీట్‌సింక్ లేకుండా అది బతకదు. ఎన్ ఛానలే వాడాలంటే గేట్‌కి బ్యాటరీ కంటే ఎక్కువ వోల్టేజ్ తయారుచేసే డ్రైవర్ ఐసీ కావాలి. ఒక్క లైట్ కోసం అంత అవసరం లేదు.

మూడోసారి పీ ఛానల్ కొన్నాడు. కరెక్ట్ ఆలోచనే. సోర్స్ బ్యాటరీ ప్లస్‌కి, డ్రెయిన్ లైట్‌కి. గేట్‌ని 220 ఓమ్ రెసిస్టర్‌తో ప్లస్‌కి కట్టి, ఈఎస్‌పీ 32 పిన్‌ని తిన్నగా గేట్‌కే కలిపాడు. పిన్ హై చేసినా లైట్ ఆరలేదు.

హైటెక్ సిటీ ఆఫీసు బిల్డింగ్‌నే ఊహించుకోండి. మీరు 12వ ఫ్లోర్‌లో ఉన్నారు. 3వ ఫ్లోర్ కింద నుంచి చూస్తే పైనే ఉంది, కానీ మీకు మాత్రం 9 ఫ్లోర్లు కిందే. పీ ఛానల్ కూర్చున్నది 12లో. పిన్ హై అంటే 3.3. సోర్స్ నుంచి చూస్తే అది మైనస్ 8.7 వోల్టులు. అంటే ఫుల్ ఆన్! లో చేసినా ఆనే, హై చేసినా ఆనే. ఆపాలంటే గేట్ కూడా 12కి ఎక్కాలి. 3.3 వోల్టుల పిన్ ఆ పని చేయలేదు. పైగా ఆ 220 ఓమ్ గుండా బ్యాటరీ నుంచి 40 మిల్లీ ఆంపియర్ల దాకా పిన్‌లోకి దూరుతుంది. బోర్డు పోయింది ఇలాగే.

మధ్యలో ఒక బీసీ 547 పెట్టండి, సరిపోతుంది. గేట్‌కీ సోర్స్‌కీ మధ్య 10 కిలో ఓమ్. గేట్ నుంచి 2.2 కిలో ఓమ్ ద్వారా బీసీ 547 కలెక్టర్‌కి. ఎమిటర్ గ్రౌండ్‌కి. పిన్ నుంచి 4.7 కిలో ఓమ్ ద్వారా బేస్‌కి. పిన్ హై అయితే ట్రాన్సిస్టర్ గేట్‌ని కిందికి లాగుతుంది, లైట్ ఆన్. లో అయితే 10 కిలో ఓమ్ గేట్‌ని పైకి తీసుకెళ్తుంది, ఆఫ్. కోడ్ తిరగరాయక్కర్లేదు. బేస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఒక 100 కిలో ఓమ్ కూడా వేయండి, బోర్డు బూట్ అయ్యేటప్పుడు లైట్ తనంతట తాను మినుకుమనదు.

బైక్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 14 వోల్టుల పైన ఉంటుంది, అప్పుడప్పుడు స్పైకులు కూడా వస్తాయి. మనం చెప్పుకోబోయే మాస్‌ఫెట్లకి గేట్, సోర్స్ మధ్య గరిష్ఠం 20 వోల్టులే. అందుకే ఆ రెండింటి మధ్య 15 వోల్టుల జీనర్ పెట్టండి, గీత ఉన్న వైపు సోర్స్‌కి.

ఇక ఏ మాస్‌ఫెట్ కొనాలి? షాపులో ఐఆర్‌ఎఫ్ 9540ఎన్ ఈజీగా దొరుకుతుంది. ఆన్‌లో ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ 0.117 ఓమ్. 3 ఆంపియర్లకి ఒక వాట్ పైన వేడి. హీట్‌సింక్ లేకపోతే ఒక వాట్‌కి దాదాపు 60 డిగ్రీలు పెరుగుతుంది. మే నెలలో మన హైదరాబాద్ ఎండ 40 కలుపుకోండి, 100 దాటిపోయింది. అదే ఐఆర్‌ఎఫ్ 4905 అయితే 0.02 ఓమ్, వేడి 0.18 వాట్లే. నేనైతే కళ్ళు మూసుకుని 4905 తీసుకుంటాను. బల్బు చల్లగా ఉన్నప్పుడు మొదటి క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, దాన్ని కూడా ఇది తట్టుకుంటుంది. డేటాషీట్‌లో థ్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్టులు అని ఉంటే, అంతకి ఫుల్ ఆన్ అవుతుందనుకోకండి. అది 250 మైక్రో ఆంపియర్ల దగ్గర కొలిచిన లెక్క. రెసిస్టెన్స్ ఏ గేట్ వోల్టేజ్ దగ్గర ఇచ్చారో ఆ లైన్ చూడాలి. ఇక్కడ అది మైనస్ 10.

రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రెడ్ లైన్‌కి మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి గుజరాతీ గల్లీకి దగ్గరే. రెండు పీసులు తెచ్చుకోండి, ఒకటి పోతే ఇంకొకటి.

బిగించేటప్పుడు ఇంకో మాట. నంబర్ మీ వైపు పెట్టి చూస్తే ఎడమ నుంచి గేట్, డ్రెయిన్, సోర్స్. వెనక మెటల్ ట్యాబ్ కూడా డ్రెయినే! ఫ్రేమ్‌కి అలాగే బోల్ట్ చేస్తే లైట్ ఆన్ అయిన క్షణమే ప్లస్, నెగటివ్ షార్ట్. పెట్రోల్ ట్యాంక్ పక్కనే ఉంది మరి. మైకా షీటు, ప్లాస్టిక్ వాషర్ వేయండి. బ్యాటరీ పక్కనే 5 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండాల్సిందే, ఇందులో బేరం లేదు. సోర్స్, డ్రెయిన్ తారుమారైతే లోపలి డయోడ్ గుండా కరెంటు పోయి లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. అలా జరిగితే కోడ్‌లో వెతక్కండి, కాళ్ళు చూడండి.

ఈ సర్క్యూట్ ఆన్, ఆఫ్‌కి మాత్రమే. వెలుతురు తగ్గించడానికి 20 కిలోహెర్ట్జ్ పీడబ్ల్యూఎం ఇస్తే పనిచేయదు. ఆ 10 కిలో ఓమ్ ద్వారా గేట్ ఖాళీ అవ్వడానికే కొన్ని వందల మైక్రోసెకన్లు పడుతుంది, అక్కడ ఒక సైకిలే 50 మైక్రోసెకన్లు.

బైక్‌కి పెట్టేముందు టేబుల్ మీద లైట్ వెలిగించి, సోర్స్‌కీ డ్రెయిన్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 4905కి 3 ఆంపియర్ల దగ్గర 0.06 వోల్టుల చుట్టుపక్కల రావాలి. అర వోల్టు చూపిస్తే గేట్‌కి సరిపడా అందట్లేదు, లేదా మీకు అంటగట్టింది డూప్లికేట్ పీసు. ఆ తమ్ముడు కొత్త బోర్డు ఆర్డర్ పెట్టాడు. అతని బైక్ మీద రీడింగ్ ఎంత వచ్చిందో తెలియగానే వచ్చే వీడియోలో చెప్తాను.